ఎనభై రోడ్డు మీద పెళ్ళిగొడుగు

1వ రోజు

వేగాల ఆఫీసు వారికి, తొమ్మిదో వార్డులో సైకిళ్ళు బాగుచేసే సైదమ్మ రాస్తున్న దినచర్య ఇది. యంత్రంతో రాస్తే చెల్లదన్నారు. గొంతుతో చెబితే చెల్లదన్నారు. బొమ్మలు పంపితే తెరిచి చూసేది కూడా లేదన్నారు. ఏ అబద్ధాన్నైనా నిమిషంలో నిజంలా తయారుచేసే యంత్రాలు ఇంటింటికీ వచ్చేశాక, మనిషి తన చేత్తో కలం పట్టి రాసిందొక్కటే సాక్ష్యమని మీ నియమం. ఆ కలం కోసం నేను మూడు బజార్లు తిరిగాను. చివరికి పాత సామాన్ల కొట్లో దొరికింది. అక్షరాలు వంకరగా ఉంటే నన్ను తిట్టుకోకండి, స్పానరు పట్టిన చెయ్యి ఇది.

నా అర్జీ ఏమిటంటే, మిర్చియార్డు రోడ్డు వేగం ఎనభై నుంచి ముప్ఫైకి దించాలి. మీరు నాలుగు నెలలకొకసారి పెట్టే మండలం లెక్కలో, అంటే నలభై ఒక్క రోజుల్లో, ఆ రోడ్డును నాలుగు వేల నూరుసార్లు కాలినడకన దాటితే దించుతారు. అంతకంటే తక్కువైతే పెంచుతారు. ఇప్పటికే రెండు మండలాలు తక్కువ పడ్డాం. అరవై ఉన్నది డెబ్భై అయింది, డెబ్భై ఎనభై అయింది. ఈ మూడోసారి కూడా తప్పితే మా రేవు చెరిపేసి, రోడ్డు మధ్యన గోడ కడతామని నోటీసు అంటించారు. రేవు అంటే మా పేటలో రోడ్డు దాటే చోటు. అవతల బడి ఉంది, ఆసుపత్రి ఉంది, కూరల బజారు ఉంది. ఇవతల మేమున్నాం.

అడుగులు ఎందుకు తక్కువ పడ్డాయో కూడా నిజం రాయాలి. దానికి కారణం నేనే.

2వ రోజు

పదకొండు నెలల క్రితం మా ఆయన బాజీ ఈ రేవులోనే పోయాడు. సైకిల్ నడిపించుకుంటూ, ఆగివున్న చెత్తబండి పక్క నుంచి ముందుకొచ్చాడు. వచ్చే బండిలో డ్రైవరు లేడు, ఇప్పుడు ఏ బండిలో మాత్రం ఉంటాడు? బండి ఆయన్ని నలభై అడుగుల దూరంలో చూసిందట. చూసిన క్షణంలోనే బ్రేకు వేసిందట. మీ ఆఫీసు ఇచ్చిన కాగితంలో "బండి తప్పేమీ లేదు" అని రాసివుంది. ఆ కాగితం నా ట్రంకు పెట్టెలో ఉంది.

నలభయ్యో రోజు కార్యం అయ్యాక నేను ఒక పని చేశాను. పాత సరుకుల ట్రాలీకి బెంచీలు బిగించి, పైన టార్పాలిన్ కట్టి, మా పేటవాళ్ళను ఉచితంగా అవతలికి చేర్చడం మొదలుపెట్టాను. వంతెన ఎక్కి, చుట్టూ తిరిగి, పది నిమిషాల్లో బజారులో దింపేదాన్ని. ఎవరూ ఆ రోడ్డు మీద కాలు పెట్టకూడదు, అంతే నా పంతం. అందరూ నన్ను దీవించారు. రోజుకు రెండొందల మంది దాటే రేవులో తొమ్మండుగురు మిగిలారు. నడిచేవాళ్ళు లేరు కదా అని మీ యంత్రం వేగం పెంచింది. వేగం పెరిగిందని ఆ తొమ్మండుగురూ నా ట్రాలీ ఎక్కారు. మనుషుల్ని కాపాడుతున్నాననుకుంటూ రోడ్డును బండ్లకు రాసిచ్చేశానని నోటీసు చదివేదాకా నా బుర్రకెక్కలేదు.

ఈ ఉదయం ట్రాలీ ముందు చక్రం విప్పి లోపల పెట్టేశాను.

3వ రోజు

కోటిరత్నం పొద్దున్నే నా షాపు మీదికి వచ్చింది. ఆమె అవతలి బజారులో కూరలు అమ్ముతుంది. నన్ను వదినా అంటుంది, వరసకు కాదు, అలవాటుకు. నెత్తిన గంప, నడుం మీద చెయ్యి.

"ఏంది వదినా, ట్రాలీ ఆపేశావంట? నేను అవతలికి ఎట్టా పోవాల? ఎగిరి పోవాల్నా?"

"నడిచి పోవాలి," అన్నాను.

"ఆ రోడ్డు మీద? బాజీ అన్న పోయినాక కూడా నువ్వే ఈ మాట అంటన్నావా?"

నోటీసు చూపించాను. ఆమెకు చదవడం రాదు కాబట్టి చదివి వినిపించాను. గోడ అన్నచోట ఒక్కసారి గంప దించింది, మళ్ళీ ఎత్తుకుంది.

"ఆ బళ్ళు మనకంటే తెలివైనయ్యి. మనిషి కనపడితే అయ్యే ఆగుతాయి. వేగం తగ్గితే ఎంత, పెరిగితే ఎంత? నువ్వు ట్రాలీ తియ్యి," అని వెళ్ళిపోయింది. పేటలో సగంమంది మాట అదే. చూడటం, ఆగటం ఒకటే అనుకుంటున్నారు.

4వ రోజు

వంతెన దిగే వాలులో, బండ్లు రాని సర్వీసు దారిలో ఒక తమాషా పెట్టాను. పాత రిక్షా తొట్టిలో రెండు బస్తాల ఇటుకలు వేసి, బ్రేకుకు తాడు కట్టాను. బండి సున్నపు గీత దాటగానే తాడు బిగిసి బ్రేకు దానంతట అదే పడుతుంది. గీతకు పన్నెండు అడుగుల దూరంలో మనిషికి బదులు ఒక గుమ్మడికాయ పెట్టాను. గుమ్మడికాయ కోటిరత్నందే. అడిగితే ఇవ్వదని అడగలేదు.

మొదటిసారి గంటకు పది వేగంతో వదిలాను. అయిదు అడుగుల్లో ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. రెండోసారి ఇంకా పైనుంచి, ఇరవై వేగంతో వదిలాను. అదే బ్రేకు, అదే గీత, అదే ఇటుకలు. బ్రేకు రబ్బరు కాలిన వాసన వచ్చింది. బండి గుమ్మడికాయను తొక్కి, ఇంకో ఎనిమిది అడుగులు పోయి ఆగింది.

"వేగం రెట్టింపైతే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది," అన్నాను. "బండి చూసింది, బ్రేకు కూడా వేసింది. బరువుకు మాత్రం ఆ మాట వినబడలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత రేవు దగ్గరికి వెళ్ళి రోడ్డు అంచున సుద్దతో గీతలు గీశాను. ముప్ఫై మీద వచ్చే బండి బ్రేకు వేశాక పదిహేడు అడుగుల్లో ఆగుతుంది. అరవై మీద వస్తే అరవై ఆరు కావాలి. ఎనభైకి నూట పదిహేడు. ఈ లెక్కలు మీ బండ్ల పుస్తకంలోవే.

కోటిరత్నం అడుగులు వేసుకుంటూ ముప్ఫై గీత నుంచి ఎనభై గీత దాకా నడిచింది. చాలాసేపు పట్టింది. "నా గుమ్మడికాయ సంగతేంది?" అని మాత్రం అడిగింది.

6వ రోజు

ఈ రోజుది కూడా దాచకుండా రాస్తున్నాను.

నిన్నటి నుంచి ముప్ఫైమంది నడుస్తున్నారు. నేను ఇవతల గట్టున నిలబడి పోనివ్వడం, ఆపడం చేస్తున్నాను. పొద్దున కోటిరత్నం అటూ ఇటూ చూసుకునే దిగింది. వంతెన స్తంభం చాటు నుంచి బండి వచ్చింది. ఆమె వెనక్కి గెంతింది. గంప మాత్రం బండికి తగిలి వంకాయలన్నీ గాలిలో లేచాయి. బండి నూరడుగుల అవతల ఆగి, తేనె పూసిన గొంతుతో "అసౌకర్యానికి క్షమించండి" అని పలికి వెళ్ళిపోయింది.

ఆమెను షాపులోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి, ట్రాలీ చక్రం తీసి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాను. గోడ కడితే కట్టుకోనీ. నా మాట విని దిగిన మనిషి చస్తే ఆ పాపం ఏ ఆఫీసులో అర్జీ పెట్టుకుని కడుక్కోను? నాకు భయం వేసింది. అంత భయం బాజీ పోయిన రోజున కూడా వెయ్యలేదు, ఎందుకంటే అప్పటికి అంతా అయిపోయింది.

కోటిరత్నం మంచినీళ్ళు తాగి నా చేతిలో స్పానరు లాక్కుంది.

"పోయింది వంకాయలు, నేను పోలా. ఇప్పుడు నువ్వు బిగిస్తే రేపు గోడొస్తది. గోడొచ్చినాక మనం ఈడనే పడి ఉండాల. చక్రం తియ్యి వదినా. ఇంకో ఉపాయం చూడు."

తీశాను.

9వ రోజు

ఉపాయం ఏసుపాదం బాబాయికి తట్టింది. ఆయనకు డెబ్భై నాలుగేళ్ళు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళి ఊరేగింపైనా ఆయన క్లారినెట్ లేకుండా కదిలేది కాదు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో సంగీతం గోడల్లోంచి వస్తోంది కాబట్టి ఆయన ఇంట్లో కూర్చుంటున్నాడు.

"అమ్మాయ్, ఊరేగింపు చట్టం ఉందిగా," అన్నాడు. "నా చిన్నప్పుడు బండొకటి పెళ్ళి ఊరేగింపులో దూరి పెద్ద గోలైంది. అప్పటినించీ గొడుగూ, బాజా, ఎనక పన్నెండుమంది జనం కనపడితే చాలు, బళ్ళన్నీ మూడొందల అడుగుల దూరాన్నే నెమ్మదించాల. రోడ్డు దిగక్కర్లా, అంచున నిలబడినా ఆగుతాయి."

బాబాయి అటక మీద పెళ్ళిగొడుగు ఉంది. ఎర్ర ముఖమల్ గుడ్డ, చుట్టూ బంగారు రంగు కుచ్చులు, అందులో సగం ఎలుకలు తిన్నాయి. దాని పుల్లలు సైకిల్ స్పోకులతో బాగుచేశాను.

సాయంత్రం పరీక్షించాం. గొడుగు కింద పెళ్ళికొడుకు స్థానంలో కోటిరత్నం నడిచింది. ముందు క్లారినెట్, వెనక అరవైమంది. వచ్చే బండ్లన్నీ దూరంగా ఆగి దీపాలు దించుకున్నాయి. ఒక మనిషి ప్రాణానికి ఇవ్వని మర్యాద ముఖమల్ గుడ్డకు ఇస్తారా అని నాకు ఒళ్ళు మండింది. అయినా సంతోషించాను.

17వ రోజు

ఎనిమిది రోజులుగా రోజుకు రెండుసార్లు పెళ్ళి జరుగుతోంది. మా లెక్కన వెయ్యి దాటాలి. రేవు పక్కన వేగమూ, దాట్ల లెక్కా చూపే మీ స్తంభం మీద అంకె చూస్తే మూడొందల పన్నెండు. మీ ఆఫీసుకు పరుగెత్తాను.

లెక్కల బల్ల దగ్గర నిరంజన్ అనే అబ్బాయి ఉన్నాడు, పాతికేళ్ళుంటాయి. ఇంతకుముందు ఎప్పుడూ నడిచి వచ్చినవాళ్ళను చూడనట్టు చూశాడు.

"ఊరేగింపు ఎంత పొడుగున్నా ఒకటే లెక్కండి, అమ్మా. అరవైమంది వెళ్ళినా ఒక్క దాటు."

"అరవైమందికి నూట ఇరవై కాళ్ళుంటాయి కదయ్యా."

"గుంపు ఒకటే వస్తువుగా కనబడుద్ది. మనిషికీ మనిషికీ ఆరు అడుగుల ఎడం ఉంటేనే విడిగా లెక్కకొస్తారు. కానీ విడిగా ఉంటే ఊరేగింపు కాదు, బళ్ళు ఆగవు. నేనేం చెయ్యలేనండి."

ఇంటికి వస్తూ దారంతా మిమ్మల్ని తిట్టుకున్నాను. ఇది దినచర్య కాబట్టి రాస్తున్నాను.

18వ రోజు

తిట్టడం అయ్యాక ఆలోచన వచ్చింది. ఊరేగింపు రోడ్డు మీద ఉన్నంతసేపూ బండ్లు ఆగాలి. అది ఎంతసేపు ఉండాలో చట్టంలో లేదు. పన్నెండుమంది గొడుగుతో రోడ్డు మధ్యకు వెళ్ళి, పెళ్ళివారిలాగే నిదానంగా నాలుగడుగులకొకసారి ఆగుతూ నడుస్తారు. మిగతావాళ్ళు ముప్ఫై అడుగుల వెనక, ఒకరికొకరు ఆరు అడుగుల ఎడంతో, ఎవరి దారిన వాళ్ళు దాటుతారు.

ఎడం కొలవడానికి పాత సైకిల్ గొలుసులు కలిపి ఆరడుగుల ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చాను. ముందువాళ్ళు ఒక కొస, వెనకవాళ్ళు ఒక కొస పట్టుకుంటారు.

సాయంత్రానికి స్తంభం మీద అంకె నూట అరవై నాలుగు పెరిగింది. ఏసుపాదం బాబాయి పెదవులు వాచిపోయాయి. "పదిహేనేళ్ళ తర్వాత నోట్లో ఊపిరుందని తెలిసింది అమ్మాయ్," అన్నాడు.

26వ రోజు

వాన. గొడుగు తడిసి బరువెక్కింది. జనం తగ్గలేదు. అవతల బడి పిల్లలు వరసలో గొలుసులు పట్టుకుని దాటుతూ బాబాయి పాటకు అడుగులు వేస్తున్నారు. బండ్లలో కూర్చున్నవాళ్ళు కొందరు అద్దాలు దించి తిడుతున్నారు, కొందరు దిగి ఏమిటని అడుగుతున్నారు. ఒకావిడ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని మాతోపాటు దాటి, మళ్ళీ వచ్చి బండెక్కింది. అవి కూడా రెండు దాట్లే.

మొత్తం పదిహేడు వందల ముప్ఫై. రోజుకు ఇంకో నూట అరవై వస్తే చాలు.

33వ రోజు

నిరంజన్ తనిఖీకి వచ్చాడు. రేవు దగ్గర గంటసేపు నిలబడ్డాడు. ఈ పుస్తకం తిరగేసి, గుమ్మడికాయ దగ్గర నవ్వి, ఆరో రోజు దగ్గర ఆగిపోయాడు. తర్వాత తన పలకలో ఏదో చూసి మొహం దించుకున్నాడు.

"అమ్మా, అర్జీదారు ఆ రోడ్డు దాటే మనిషై ఉండాలని పదకొండో షరతు. స్తంభం మొహాలు కూడా గుర్తుపడుద్ది, మీ పేరున ఒక్క దాటూ లేదు."

"నేను గట్టున ఉండి నడిపిస్తున్నాను కదా."

"తెలుస్తందండి. కానీ ఒక్కసారైనా మీరు దాటకపోతే మొత్తం కొట్టేస్తారు. నాలుగు వేలొచ్చినా సరే."

కోటిరత్నం నా వైపు చూసింది. ఆమెకు ఎప్పుడో తెలుసని నాకు అర్థమైంది. ఇన్ని రోజులూ నేను గట్టు దిగలేదు. అందరికీ పొమ్మని చెయ్యి ఊపుతూ, ఆ చెయ్యి చాటున దాక్కున్నాను.

35వ రోజు

గట్టు దాకా వెళ్ళాను. గొడుగు ముందుంది, బండ్లు ఆగివున్నాయి. కాలు లేవలేదు. బాజీ పడిన చోటు రేవు మధ్యలో ఉంది, దాన్ని తొక్కకుండా పోవడం కుదరదు. వెనక్కి వచ్చేశాను.

36వ రోజు

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వచ్చేశాను.

38వ రోజు

షాపు గోడకు బాజీ సైకిలు వేలాడుతోంది. ముందు చక్రం ఎనిమిది అంకెలా వంగివుంది. పదకొండు నెలల్లో ఊరందరి సైకిళ్ళూ బాగుచేశాను, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఈ రోజు దించాను. చక్రం విప్పి, రిమ్ము సరిచేసి, పద్నాలుగు స్పోకులు కొత్తవి వేశాను. బెల్లు మీద ఆయన వేలిముద్ర పడి తళతళలాడే చోటు అలాగే ఉంది. నూనె వేసి తిప్పాను. ఎక్కడా రుద్దుకోకుండా తిరిగింది. కూర్చుని ఏడ్చాను. తర్వాత పెడళ్ళు బిగించాను.

39వ రోజు

ఉదయం ఎనిమిది గంటలకు సైకిల్ నడిపించుకుంటూ గట్టు దగ్గరికి వెళ్ళాను.

"వదినా, నేను పక్కన రానా?" అంది కోటిరత్నం.

"వద్దు. పక్కనొస్తే ఇద్దరం ఒకటే లెక్క అవుతాం. ఆరడుగులు వెనకుండు."

గొలుసు కొస ఆమె చేతిలో పెట్టి దిగాను. చేతుల్లో హ్యాండిలు ఉంటే కాళ్ళు వాటంతట అవే నడుస్తాయని సైకిల్ పనిచేసేవాళ్ళకు తెలుసు. ఆ చోటు దగ్గర ఆగాను. గట్టు మీద నుంచి రోజూ చూస్తున్న నేలే, మామూలు తారు. బాబాయి పాట ఆపకుండా నా కోసం అక్కడే మరో చరణం తిప్పాడు. నేను బెల్లు ఒక్కసారి మోగించి ముందుకు నడిచాను. అవతలి గట్టు ఎక్కాక వెనక్కి తిరిగి మళ్ళీ దాటాను. రెండు దాట్లు, నా పేరున.

41వ రోజు

సాయంత్రం ఆరుకు లెక్క మూసేశారు. నాలుగు వేల నూట తొంభై ఆరు. గొడుగు కుచ్చులు ఒక్కటీ మిగల్లేదు. ఈ పుస్తకం రేపు మీకు ఇస్తాను. ఇందులో రాసినదంతా నిజం.

తొమ్మిదో వార్డు, సైదమ్మ.

58వ రోజు

పుస్తకం తిరిగి వచ్చింది. ఆరో రోజు పుట మీద కన్నీటి చుక్కో, టీ చుక్కో ఉంది, నాది కాదు. ఇప్పుడు రాస్తున్నది ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

ఈ ఉదయం పది గంటలకు స్తంభం మీద ఎనభై ఆరిపోయి ముప్ఫై వెలిగింది. గొడుగు తేవద్దని నేనే చెప్పాను. బాబాయి క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. కోటిరత్నం గంప ఎత్తుకుని, ఒక్కతే, అటూ ఇటూ చూసుకుని దిగింది. వంతెన స్తంభం చాటు నుంచి బండి వచ్చింది. అదే మలుపు. నా గుండె ఆగింది. బండి కూడా ఆగింది, నిదానంగా, చెప్పినట్టు విన్న మనిషిలా. కోటిరత్నం దాని ముందు నుంచే నడుస్తూ వంకాయలు సర్దుకుంది.

ట్రంకు పెట్టెలో కాగితం తీసి మళ్ళీ చదివాను. బండి నలభై అడుగుల దూరంలో బాజీని చూసింది. రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, టేపు తీసుకెళ్ళి, ఆయన పడిన చోటు నుంచి బండి వచ్చిన వైపుకు నలభై అడుగులు కొలిచి గీత గీశాను. ఆ గీత నుంచి ముందుకు పదిహేడు అడుగులు కొలిచాను. ముప్ఫై మీద వచ్చి ఉంటే బండి ఆగేది అక్కడ.

ఆయనకు, బండికి మధ్య ఇరవై మూడు అడుగులు మిగిలాయి. బండి తప్పేమీ లేదని వాళ్ళు సరిగ్గానే రాశారు. తప్పు స్తంభం మీద ఉండేది, ఆనాటి అరవై అంకెలో.

ఆ ఇరవై మూడు అడుగులూ నేను నడిచాను. అంత చోటులో మనిషి ఆగి, ఉలిక్కిపడి, బండిని నాలుగు తిట్లు తిట్టి, సైకిల్ తిప్పుకుని అన్నానికి ఇంటికి వచ్చేయొచ్చు.